పురాతన గాజు పూసను పగలగొట్టకుండా దాని తయారీ విధానాన్ని తెలుసుకోగలమా?

ప్రశ్న: ఒక పూసను కరిగిన గాజును కడ్డీకి చుట్టి చేశారా, లేక గాజును గొట్టంలా సాగదీసి ముక్కలుగా కోసి చేశారా అన్నది, దానికి ఏ హానీ కలగకుండా తేల్చడం సాధ్యమేనా?

జవాబు 1: సాధ్యమే. అసలు ఆధారం గాలి బుడగల్లో ఉంటుంది. గొట్టంగా సాగదీసినప్పుడు బుడగలు కూడా రంధ్రానికి సమాంతరంగా పొడవుగా సాగుతాయి. కడ్డీకి చుట్టినప్పుడు బుడగలూ రంగు చారలూ రంధ్రం చుట్టూ తిరుగుతాయి. పారదర్శకమైన పూసకు సూక్ష్మదర్శిని సాధారణంగా సరిపోతుంది. కాంతి చొరబడని పూసకు మైక్రో సీటీ స్కాన్ అవసరమవుతుంది. అందులో పూసను కొద్దికొద్దిగా తిప్పుతూ వందలాది ఎక్స్-రే చిత్రాలు తీసి, కంప్యూటర్‌లో వాటిని త్రిమితీయ రూపంగా కూర్చుతారు కనుక, లోపలి భాగాన్ని ఏ కోణంలోనైనా కోసి చూసినట్టే పరిశీలించవచ్చు. నా దృష్టిలో పురావస్తు పరిశోధనకు అందిన గొప్ప వరాల్లో ఇది ఒకటి.

జవాబు 2: సీసం అధికంగా ఉన్న గాజు ఎక్స్-కిరణాలను బాగా పీల్చుకోవడం వల్ల చిత్రం స్పష్టంగా రాదు, అటువంటి పూసలకు న్యూట్రాన్ చిత్రణ (ఎక్స్-కిరణాలకు బదులు న్యూట్రాన్ కణాలతో లోపలి చిత్రం తీసే పద్ధతి) మేలు. గొట్టం నుంచి కోసిన ముక్కలను మళ్లీ వేడిచేసి అంచులు నున్నగా చేసేవారు కనుక, బయటి ఆకారాన్ని మాత్రమే నమ్మడం సరికాదు.

ప్రశ్న వేసినవారు: కిరణాల వల్ల పూస రంగు మారే ప్రమాదం ఉందా?

జవాబు 1: అధిక మోతాదులో కొన్ని గాజుల రంగు ముదురుతుంది. అందువల్ల తక్కువ మోతాదునే ఎంచుకుని, స్కాన్‌కు ముందూ తరువాతా రంగును నమోదు చేయాలి.