పోలీసు శౌర్య పతకాల ఎంపికకు కమిటీలు, బోర్డులు: ఆ ఖర్చు దండగేనా?

ట్రెజరీ మాస్టారు (విజయనగరం)

జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే పేపర్లో పోలీసు పతకాల జాబితా పడుతుంది. 2024 జనవరిలో దేశం మొత్తం మీద 1,132 మంది. అదే ఏడాది ఆగస్టులో 1,037. 2025 జనవరిలో 942. వీళ్లను ఎంచడానికి జిల్లాలో కాగితాలు, రాష్ట్రంలో పరిశీలన, ఢిల్లీలో హోం శాఖ, చివర రాష్ట్రపతి సంతకం. మెట్టు మెట్టుకీ ఒక మీటింగు. ముప్పై ఏళ్లు ట్రెజరీలో బిల్లులు పాస్ చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను, మీటింగు గంటే జరుగుతుంది, టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు మూడు రోజులకు వస్తుంది.

అమెరికాలోనూ ఇదే వరస. 2001 చట్టం ప్రకారం పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది లాంటివాళ్ల ధైర్యానికి ఇచ్చే మెడల్ ఆఫ్ వేలర్ ఎంపికకు 11 మంది బోర్డు. పతకాలు మాత్రం మామూలుగా ఏడాదికి 5 మించకూడదు. చాలదన్నట్టు 2008లో బ్యాడ్జ్ ఆఫ్ బ్రేవరీ అని ఇంకో చట్టం తెచ్చి, మరో రెండు బోర్డులు పెట్టారు. ఏడుగురితో ఒకటి ఫెడరల్ (కేంద్ర) అధికారులకు, తొమ్మిది మందితో ఇంకోటి రాష్ట్రాల, స్థానిక పోలీసులకు.

సూటిగా అడుగుతున్నాను. ఎవరు ధైర్యం చేశారో ఆ జిల్లా ఎస్పీకి తెలీదా? ఆయన రాస్తే చాలదా? మధ్యలో ఈ మెట్లన్నీ ఎందుకు?

సిరిమాను

మాస్టారూ, 1,132లో శౌర్యానికి ఇచ్చినవి 277. 2025 జనవరిలో అయితే 95. మిగతావన్నీ సేవా పతకాలు. రెండూ కలిపి లెక్క చెప్పకండి.

ట్రెజరీ మాస్టారు

సరే, 95 అనుకుందాం. ఒక్కో పతకానికి పడే ఖర్చు ఇంకా పెరిగినట్టే కదా. మీరు నా వైపే మాట్లాడుతున్నారు.

ఎచ్చెర్ల ఏఆర్

ఎస్పీ రాస్తే చాలదా అన్నారు. చాలదు. ఎందుకో చెబుతాను, కాస్త పెద్దదే, చదవండి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి చెట్టన్నది నిలబడలేదు. వెనకే వంశధార పొంగింది. ఆ రాత్రి నేనూ నా తోటి కానిస్టేబులూ ఏటి పక్క ఒక ఊరికి వెళ్లాం. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. ఊరి చివర మట్టి గోడ కూలి ఒక ముసలమ్మ, ఇద్దరు మనవలు లోపల ఉండిపోయారు. మావాడు జీపులో తాడు నడుముకి కట్టుకుని రెండో కొస నా చేతికిచ్చి నీళ్లలోకి దిగాడు. మెడ దాకా నీళ్లు. ముందు పిల్లలను తెచ్చాడు. ముసలమ్మ మేకను వదలనంటే మేకతో సహా తెచ్చాడు. మూడోసారి దిగినప్పుడు తాడు నా అరచేతులు కోసేసింది, ఆ గీత ఇప్పటికీ ఉంది.

జీడీలో (స్టేషన్ జనరల్ డైరీ) ఏం రాశారో తెలుసా? "తుఫాను బందోబస్తు డ్యూటీ నిర్వహించిరి." అంతే. మా ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారు మంచివారు కాబట్టి శౌర్య పతకానికి పేరు పంపుదామని కాగితాలు పెట్టారు. రెండు నెలలకు తిరిగొచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో "ఫోటో జతపరచలేదు" అని ఉంది. ఆ చీకట్లో ఫోటో ఎవడు తీస్తాడండీ? మళ్లీ పంపితే ఈసారి ఆలస్యమైందన్నారు. మావాడి సర్వీస్ బుక్‌లో ఒక జీఎస్ఈ (మంచి సేవ అని ఒక నమోదు) పడింది, అదే దక్కింది.

జిల్లాలో ఒక్కరి మాట మీద వదిలేస్తే ఇలాగే ఉంటుంది. బోర్డు కావాలి. మనిషి ఊరికి వచ్చి అడగాలి. దానికి ఖర్చయితే అవనీ.

పలాస జీడి

కన్నీళ్లొచ్చాయి అన్నా. ఆ రాత్రి మా ఇంటి రేకులు పక్క ఊళ్లో దొరికాయి.

ట్రెజరీ మాస్టారు

ఏఆర్ గారూ, మీ వాడికి దండం. కానీ మీరు చెప్పింది నా వాదనకే సాక్ష్యం. మెట్లు లేవా? ఉన్నాయి. జరిగిందేమిటి? ఎక్కడో కూర్చుని ఫోటో లేదని తిప్పి పంపారు. ఆ తిప్పి పంపిన మీటింగుకి కూడా టీఏ డ్రా చేసుకునే ఉంటారు.

ఎచ్చెర్ల ఏఆర్

టీఏ టీఏ అంటారేటండీ. నేను మనిషి గురించి చెబుతుంటే మీరు బిల్లు గురించి చెబుతున్నారు.

నాగావళి ఒడ్డు

2021 ఫిబ్రవరిలో కాశీబుగ్గ మహిళా ఎస్ఐ ఎవరో తెలియని వృద్ధుడి శవాన్ని పొలాల్లోంచి రెండు కిలోమీటర్ల వరకు భుజాన మోశారు. ఊరివాళ్లు ముట్టుకోనన్నారు. వీడియో ఉంది కాబట్టి లోకమంతా చూసింది. వీడియో లేకపోతే? ఏఆర్ గారు చెప్పేది అదే.

ట్రెజరీ మాస్టారు

అది ధైర్యం కాదు, మంచితనం. రెండూ వేరు. అందుకే అంటున్నాను, నిర్వచనమే తేలనప్పుడు దానికి కమిటీ ఎందుకు? శాలువాలకు, మెమెంటోలకు, టిఫిన్లకు వోచర్లు నేను చూశాను. ఒక్క సభకు అయిన పూలదండల బిల్లు నాకు ఇంకా గుర్తుంది.

ఎచ్చెర్ల ఏఆర్

పూలదండలు పతకాల కమిటీ ఖాతాలో పడ్డాయా? ఏ హెడ్ (పద్దు) కింద పాస్ చేశారో చెప్పండి. ఏదో సభ బిల్లు తెచ్చి ఇక్కడ అంటగట్టకండి.

2024 ఆగస్టు 15న దేశం మొత్తానికి రాష్ట్రపతి శౌర్య పతకం ఒక్కటంటే ఒక్కటి ఇచ్చారు. తెలంగాణ హెడ్ కానిస్టేబుల్‌కి. 2022లో గొలుసు దొంగలను పట్టుకోబోతే కత్తితో పొడిచారు. ఒళ్లంతా గాయాలతోనే వదలకుండా పట్టుకున్నాడు. 17 రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక హెడ్ కానిస్టేబుల్ పేరు ఢిల్లీ దాకా వెళ్లింది, అదీ కావలసింది. ఇరవై ఏళ్లు ఫ్యాన్ కింద కూర్చుని ఎర్ర ఇంకుతో అబ్జెక్షన్లు రాసినవాళ్లకి ఇది అర్థం కాదు.

ట్రెజరీ మాస్టారు

ముప్పై ఏళ్లు. ఇరవై కాదు.

ఇంతవరకు చెప్పకూడదనుకున్నాను. మా చెల్లెలి భర్త కానిస్టేబుల్. డ్యూటీలో ఉండగానే లారీ గుద్ది పోయాడు. పిల్లలకు అప్పుడు నాలుగేళ్లు, ఆరేళ్లు. రావలసిన డబ్బు కోసం వారసత్వ ధ్రువపత్రం పట్టుకుని మా చెల్లి పద్నాలుగు నెలలు తిరిగింది. ఒక సీటు నుంచి ఇంకో సీటుకి. నేను అదే ప్రభుత్వంలో ఉద్యోగిని, నా సొంత చెల్లి ఫైలు నేను కదపలేకపోయాను. ఏటా అక్టోబర్ 21న, పోలీసు అమరవీరుల దినానికి మాత్రం తప్పకుండా పిలుస్తారు. పేర్లు చదువుతారు, తుపాకులు తలకిందులు చేసి నిలబడతారు, మా చెల్లి ముందు వరసలో కుర్చీలో కూర్చుంటుంది. ఆ రోజు టెంటుకి, మైకుకి డబ్బు ఏ ఏడూ ఆలస్యం కాలేదు.

నాకు కమిటీ మీద కోపం లేదు. గౌరవానికి దొరికే డబ్బు అన్నానికి దొరకదు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే, వేరేలా అన్నాను.

సిరిమాను

మాస్టారూ... ముందే చెప్పి ఉంటే బాగుండేది.

ఎచ్చెర్ల ఏఆర్

ఫ్యాన్ కింద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించండి.

కానీ ఒకటి. అన్నం ఆలస్యమైందని గౌరవం ఆపేస్తే అన్నం తొందరగా వస్తుందా? నాకు నమ్మకం లేదు.

సాలూరు కొండగాలి

రెండు రోజులుగా చదువుతున్నాను. (జిల్లా మారి మన్యంలోకి పోయినా మాకు విజయనగరం అలవాటు పోలేదు, అందుకే ఇక్కడ ఉన్నాను.) మీరిద్దరూ పోలీసు ఇంటివాళ్లే. ఇద్దరి బాధా నిజమే. కానీ పతకం అంటే మీకు తుఫాను గుర్తొస్తుంది. మాకు ఎన్‌కౌంటర్ గుర్తొస్తుంది.

1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయారు. అక్కడి నుంచి మా కొండల్లో ఏళ్ల తరబడి సాగిన నక్సలైట్ పోరాటం, ఎన్‌కౌంటర్లు అందరికీ తెలుసు. మా చిన్నాన్న కర్రల కోసం వెళ్లాడని ఇంట్లో అంటారు. తిరిగి రాలేదు. కాగితంలో ఎదురుకాల్పులు అని రాశారు. ఎవరికి రివార్డు వచ్చిందో మాకు తెలీదు, మమ్మల్ని ఎవరూ ఏదీ అడగలేదు.

2014 సెప్టెంబర్‌లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్లకు 16 మార్గదర్శకాలు పెట్టింది. అందులో ఒకటి, ఘటన జరిగిన వెంటనే ఆ అధికారులకు ప్రమోషన్ గానీ శౌర్య పురస్కారం గానీ ఇవ్వకూడదు, శౌర్యం సందేహం లేకుండా తేలాకే సిఫారసు చేయాలి. ఎవరు తేల్చాలి? మాస్టారు చెప్పినట్టు ఎస్పీ ఒక్కరే రాస్తే, కాల్చిన శాఖే మెచ్చుకున్నట్టు. అందుకని ఖర్చు పెట్టాలంటాను. కానీ ఏఆర్ గారి బోర్డులో పోలీసులే కూర్చుంటే అదీ నాకు వద్దు.

ఎచ్చెర్ల ఏఆర్

అంటే మేమంతా హంతకులమా? 2008 జూన్ 29న ఒడిశా బలిమెల రిజర్వాయర్‌లో లాంచీ మీద మావోయిస్టులు కాల్పులు జరిపితే 38 మంది పోయారు. ఎక్కువమంది గ్రేహౌండ్స్ పిల్లలు, మావోయిస్టుల మీద పెట్టిన ప్రత్యేక పోలీసు దళం వాళ్లు. నీళ్లలోంచి శవాలు రోజుల తరబడి తీశారు. వాళ్లలో నాతో ట్రైనింగ్ అయినవాడు ఉన్నాడు. వాళ్ల ధైర్యానికీ మీరు సాక్షి సంతకం అడుగుతారా?

సాలూరు కొండగాలి

హంతకులన్న మాట నేను అనలేదు, మీరన్నారు. బలిమెలలో పోయినవాళ్లకు సాక్ష్యం ఎవరూ అడగరు. నేను అడిగేది మా చిన్నాన్న లాంటివాళ్ల గురించి. మీ వాడి విషయంలో మీరేం కోరారు? మనిషి ఊరికి వచ్చి ఆ ముసలమ్మను అడగాలన్నారు. మా ఊరికీ రమ్మంటున్నాను. బస్సు దిగాక ఏడు కిలోమీటర్లు నడక.

పలాస జీడి

ఇది సరైన మాట.

ఎచ్చెర్ల ఏఆర్

రాత్రంతా ఆలోచించాను. మీ ఊళ్లో అడగాలి, ఒప్పుకుంటున్నాను. కానీ వచ్చేవాడు ముందే మమ్మల్ని దోషులుగా నిలబెట్టి అడగకూడదు. బోర్డులో పోలీసు అనేవాడే ఉండకూడదంటే మాత్రం ఒప్పుకోను. తాడు చేతిని కోస్తే ఎలా ఉంటుందో తెలిసినవాడు ఒక్కడైనా ఉండాలి.

సాలూరు కొండగాలి

ఒక్కడైతే ఉండనివ్వండి. ఎక్కువమంది బయటివాళ్లు కావాలి. దానికి తగ్గను.

ట్రెజరీ మాస్టారు

ఖర్చు మీద నా మాట మారలేదు. ఆఫీసులో కూర్చుని కాగితం తిప్పి పంపే కమిటీకి ఒక్క రూపాయి ఇవ్వను. ఏడు కిలోమీటర్లు నడిచి వెళ్లేవాడి టీఏ బిల్లు నా టేబుల్ మీదకు వచ్చుంటే అదే రోజు పాస్ చేసేవాణ్ని.

ఏఆర్ గారూ, ఆ ముసలమ్మ ఇంకా ఉన్నారా?

ఎచ్చెర్ల ఏఆర్

ఉంది మాస్టారూ. సంక్రాంతికి వెళ్లి చూసొచ్చాం. చెవులు వినపడటం లేదు. మావాడి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. ఊరు పేరు కావాలంటే విడిగా మెసేజ్ పెడతాను, ఇంతవరకు ఎవరూ అడగలేదు.