ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ లైన్: టెస్టు గ్యాస్‌తోనా, నీళ్లతోనా?

ఫీల్డ్ ఇంజనీర్:
ప్లాంటులో పరికరాలను నడిపే పొడిగాలి (ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్) లైన్‌కి వాడకానికి ముందు ప్రెషర్ టెస్టు చేయాలి. 10 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ లైన్, షెడ్యూల్ 40 (గోడ మందం తరగతి), పొడవు 100 మీటర్లు, డిజైన్ ప్రెషర్ 10 బార్. నీళ్లు నింపితే తడి ఆరడానికి రోజులు పడుతుందని ప్రొడక్షన్ వాళ్ల వాదన. నైట్రోజన్‌తో 11 బార్‌కి చేసేస్తే తప్పేముంది?

సేఫ్టీ:
ముందు లెక్క చూడండి. లోపల పట్టేది దాదాపు 5 ఘనపు మీటర్లు. 11 బార్ దగ్గర ఆ గ్యాస్‌లో నిల్వ ఉండే శక్తి సుమారు 7.7 మెగాజౌళ్లు, అంటే 1.8 కిలోల టీఎన్‌టీతో సమానం. అదే పైపులో నీటిని 15 బార్‌కి ఎక్కించినా నీటిలో 3 కిలోజౌళ్లు ఉండవు. నీళ్లయితే కాస్త కారగానే ప్రెషర్ పడిపోతుంది. గ్యాస్ అలా కాదు, వ్యాకోచిస్తూ వెల్డ్ చీలికను ఇంకా ఇంకా తెరుస్తుంది. పైపింగ్ కోడ్ ఏఎస్‌ఎంఈ బీ31.3 కూడా మొదట నీళ్లే అంటుంది.

పైపింగ్:
లెక్క ఒప్పుకుంటాను సార్. కానీ నీళ్లతో కుదరదని ఓనర్ తేలిస్తే అదే కోడ్ గ్యాస్‌కి దారి ఇస్తుంది. పద్ధతి పాటిస్తే చేయొచ్చు. నైట్రోజన్ సిలిండర్‌లో 150 బార్ ఉంటుంది, ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ పట్టు తప్పితే లైన్ మొత్తం పోతుంది. అందుకే ప్రెషర్ హద్దు దాటితే తనంతట తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి, సెట్టింగ్ 12.1 బార్ దాటకూడదు. ముందు 1.7 బార్ దగ్గర ఆపి సబ్బునీళ్లతో చూడాలి. తర్వాత మెట్లుమెట్లుగా, ప్రతి మెట్టు దగ్గరా ఆగుతూ ఎక్కించాలి. 11 దగ్గర కనీసం 10 నిమిషాలు, ఆ సేపు 30 మీటర్ల లోపల మనిషి ఉండకూడదు. 10కి దించాకే లీకులు వెతకాలి. ఇంకోటి, పొద్దున్నుంచి మధ్యాహ్నానికి 8 డిగ్రీలు పెరిగితే గేజ్ 0.3 బార్ దాకా కదులుతుంది, దాన్ని బట్టి లీకు ఉందని గానీ లేదని గానీ తేల్చకండి.

సేఫ్టీ:
కుదరకపోవడం వేరు, ఆలస్యమవడం వేరు. ఇక్కడ ఉన్నది ఆలస్యమే. క్లోరైడ్ 50 పీపీఎం లోపున్న నీళ్లు వాడి, లో పాయింట్లన్నీ డ్రెయిన్ చేసి, గాలిలో తేమను చెప్పే డ్యూ పాయింట్ కావాల్సిన స్థాయికి దిగేదాకా పొడిగాలి తోలితే సరిపోతుంది.

క్వాలిటీ:
100 మీటర్లూ ఒకేసారి టెస్టు చేయాలని ఎవరన్నారు? స్పూళ్లను (ముందే వెల్డ్ చేసిన పైపు ముక్కల్ని) వర్క్‌షాపులోనే నీళ్లతో టెస్టు చేసి ఆరబెట్టి తెండి. టెస్టయిన ముక్కల్ని కలిపే ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే) జాయింట్లకు మళ్లీ టెస్టు అక్కర్లేదు. సైట్‌లో మిగిలే క్లోజర్ వెల్డ్‌కి (టెస్టయిన ముక్కల్ని కలిపే చివరి వెల్డ్‌కి) 100% రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి పరీక్ష), వెల్డింగ్ జరుగుతున్నప్పుడే తనిఖీ ఉంటే కోడ్ ఒప్పుకుంటుంది. అలాంటి వెల్డ్‌లు ఎన్నొస్తాయో డ్రాయింగ్‌లో లెక్కపెట్టి చెప్పండి.