స్లాట్ గీస్తుంటే ‘రిడండెంట్ కన్‌స్ట్రెయింట్’ అని ఎందుకు వస్తోంది?

ఆటోనగర్ ఫిట్టర్:
నేను ఐటీఐ ముగించి విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తూ, రాత్రిపూట కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఫ్రీక్యాడ్ 1.0 నేర్చుకుంటున్నాను. పిండిమర మోటారు కింద వేసే బేస్ ప్లేటు గీస్తున్నాను. బెల్టు వదులైనప్పుడు మోటారును వెనక్కి జరిపి బిగించుకోవాలి కనుక దానికి స్లాట్లు, అంటే బోల్టు జరిగేలా పొడవాటి రంధ్రాలు, ఉండాలి. పైనొక గీత, కిందొక గీత, రెండు కొసలకూ రెండు చాపాలు గీసి, కలిసే నాలుగు చోట్లా టాంజెంట్ (గీత చాపాన్ని ఒరుసుకుంటూ కలవాలన్న నియమం) ఇచ్చాను. ఆపైన రెండు చాపాలకూ ఈక్వల్ ఇవ్వగానే రిడండెంట్ కన్‌స్ట్రెయింట్, అంటే అక్కర్లేని నియమం, అని సందేశం వచ్చింది. సమానంగా ఉండవలసినవాటిని సమానమనడంలో తప్పేమిటి?

స్పర్శరేఖ:
తప్పేమీ లేదు, కానీ ఆ మాట మీరు ఇదివరకే చెప్పేశారు. లెక్క వేసి చూడండి. గీతకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే కదలడానికి మిగిలిన దారులు, 4, చాపానికి 5. రెండు గీతలకూ రెండు చాపాలకూ కలిపి 18. కొసలను కలుపుతూ ఇచ్చే టాంజెంట్ ఒక్కొక్కటి 3 చొప్పున 12 తగ్గిస్తుంది. మిగిలిన 6లో రెండు కేంద్రాల స్థానాలకు 4, రెండు వ్యాసార్ధాలకు 2. గీతలను ఇంచుమించు అడ్డంగా లాగినప్పుడు ఆటో కన్‌స్ట్రెయింట్, అంటే సాఫ్ట్‌వేర్ తనంతట నియమాలు పెట్టే సదుపాయం, రెండింటికీ హారిజాంటల్ (అడ్డంగా ఉండాలన్న నియమం) తగిలించి ఉంటుంది. రెండు సమాంతర గీతల మధ్య ఇమిడే అర్ధవృత్తానికి వ్యాసార్ధం ఆ గీతల మధ్య దూరంలో సగమే అవుతుంది కాబట్టి, రెండు చాపాలూ అప్పటికే సమానమైపోయాయి. ఈక్వల్ తీసేయండి, లేదా అది ఉంచి ఒక హారిజాంటల్ తీసేయండి. ఎలాగైనా 4 మిగులుతాయి: ఒక కేంద్రం స్థానానికి 2, కేంద్రాల మధ్య దూరం, వ్యాసార్ధం.

పాత డ్రాయింగ్ బోర్డు:
పై లెక్క నాకు ముందే తెలిసి ఉంటే ఒక ప్లేటు దండగయ్యేది కాదు. స్కెచ్‌లో కదిలే దారి ఏదీ మిగలకుండా పూర్తిగా బిగిస్తే ఆకుపచ్చగా మారుతుందని విని, ఆ రంగు కోసం దీర్ఘచతురస్రం నాలుగు మూలలకూ లాక్ (స్థానాన్ని కొలతలతో బిగించే నియమం) కొట్టాను. రంగైతే వచ్చింది. తరువాత వెడల్పు పెంచవలసి వచ్చినప్పుడు కుడివైపు మూలల్లో ఒకదాని కొలతే మార్చి రెండోది మరిచిపోయాను. అంచు ఏటవాలైన సంగతి లేజర్ కటింగ్ నుంచి ముక్క వచ్చాక గాని తెలియలేదు. దీర్ఘచతురస్రం టూల్‌తో గీస్తే 4 దారులే మిగులుతాయి. ఎదురెదురు మూలలను ఆరిజిన్‌కు (కొలతలు మొదలయ్యే సున్నా బిందువుకు) సిమెట్రిక్ చేసి, పొడవు, వెడల్పు రెండే కొలతలిస్తే చాలు. ఏది మార్చినా ప్లేటు మధ్యనుంచి రెండు వైపులకూ సమంగా పెరుగుతుంది.

గీతల పిచ్చి:
గీతలను నియమాలతో బిగించే ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాంలోనే గీతల మధ్య ఇటువంటి నియమాలు పెట్టే వీలుండేది. అయితే ప్రతి స్కెచ్చూ ఆకుపచ్చ కావాలన్న పట్టుదలతో నేను ఏకీభవించను. చేత్తో సరిచూసుకునే స్ప్లైన్ వంపు (బిందువులను జరిపి మలిచే స్వేచ్ఛా వంపు) ఆకారం తేలేదాకా వదులుగా ఉండటమే మేలు.

స్పర్శరేఖ:
వంపుల విషయంలో నిజమే, కానీ బోల్టు పట్టే ముక్కకు ఆ స్వేచ్ఛ ప్రమాదం. ఏది వదులుగా ఉందో తెలియకపోతే మౌస్‌తో పట్టి లాగి చూడండి. కదిలినదానికే కొలత బాకీ ఉన్నట్టు.

ఆటోనగర్ ఫిట్టర్:
ఈక్వల్ తీసేశాను, సందేశం పోయింది. లాగి చూస్తే స్లాట్ మొత్తం జరిగింది, అంటే స్థానమే ఇవ్వలేదన్నమాట. ఒక కేంద్రాన్ని ఆరిజిన్ నుంచి కొలిచి, కేంద్రాల మధ్య 40, వ్యాసార్ధం 6.5 ఇచ్చాక ఆకుపచ్చ అయింది. మిగతా మూడు స్లాట్లనూ ఇలాగే గీయాలా?

పాత డ్రాయింగ్ బోర్డు:
వద్దు. ఈ ఒక్కదానితో పాకెట్ కొట్టి (ప్లేటులో ఆ ఆకారాన్ని తొలిచి), ఫ్రీక్యాడ్‌లోని పార్ట్ డిజైన్ విభాగంలో వరుసగా నకళ్లు పెట్టే లీనియర్ ప్యాటర్న్ వాడండి. రేపు బోల్టు సైజు మారితే ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.