పర్లాకిమిడి పాత మేడ కారుతోంది: సిమెంటా, సున్నపు గచ్చా?

మేడపైన:
వందేళ్లు దాటిన మద్రాసు టెర్రస్. టేకు దూలాలు, వాటిమీద నిలువుగా పేర్చిన పల్చటి ఇటుకలు, పైన సున్నపు గచ్చు. పిట్టగోడ వారనున్న రెండు గదులు కారుతున్నాయి. ఈశాన్యం కిటికీల్లోంచి జల్లు కొడుతోంది. రెండంగుళాల సిమెంటు వేసెయ్యమని ఒకరు, గచ్చే మళ్లీ వెయ్యమని ఒకరు. ఏది సబబు?

గానుగసున్నం:
సిమెంటు ఊసెత్తకండి. రెండంగుళాల మందమంటే చదరపు మీటరుకి 110 కిలోలు. 10×12 అడుగుల గది మీద టన్నుకి పైమాటే. పైగా ఎండకి సిమెంటు సాగే తీరు వేరు, కింద గచ్చు తీరు వేరు. వెంట్రుకంత బీట చాలు, నీరు దిగుతుంది, దిగింది ఆరదు. గోడలో దాగిన దూలం కొస ముందు పుచ్చుతుంది. రంగు చూస్తే నిక్షేపంలా ఉంటుంది, స్క్రూడ్రైవరు గుచ్చితే పిడిదాకా పోతుంది. ఏ పనికైనా ముందు ఆ కొసలు గుచ్చి చూడండి.

సైటుమేస్త్రీ:
సిమెంటు వద్దన్నది ఒప్పుకుంటాను. గచ్చు దిమ్మించే మనుషులేరీ? వారం రోజులు చెక్కలతో కొట్టాలి, తర్వాత పది రోజులు తడపాలి. మధ్యలో వాయుగుండం పడితే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది. పాత గచ్చు గట్టిగా ఉంటే బీటలు పూడ్చి, ఫైబర్ మెష్ పరిచి, అక్రిలిక్ పూత రెండుసార్లు వేస్తే సరి. బరువూ లేదు.

గానుగసున్నం:
మేస్త్రీగారూ, తడి గచ్చు మీద ఆ పూత బుడగలెత్తి పొరలుగా లేస్తుంది. రెండడుగుల ప్లాస్టిక్ ముక్క పరిచి, అంచులు టేపుతో మూసి ఒక రోజు ఉంచండి. అడుగున చెమ్మ కనబడితే ఇంకా ఆరలేదన్నమాట.

అసలు కప్పంతా ఎందుకు? కారేది వారన. సుత్తితో తట్టుకుంటూ పోండి, డొల్ల మోగినంత మేరే తవ్వండి. ఇటుక కంకర 2 పాళ్లు, సున్నం–సుర్కీ (ఇటుక పొడి) అడుసు 1 పాలు, మూడంగుళాల మందం. దిమ్మించేటప్పుడు కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చిలకరించాలి. చెక్క దిగబడకుండా ఎగిరి పడేదాకా కొట్టాలి. వాలు నాలుగడుగులకి ఒక అంగుళం. పిట్టగోడ మొదట మూడంగుళాల గోలా (మూల గుండ్రంగా తిరిగేలా గచ్చు వాలు) తీసి, దాని పైఅంచు గోడలో చెక్కిన గాడిలోకి పోనివ్వండి. ఊరికే గోడకి ఆనిస్తే ఏడాదిలో విడిపోతుంది. కార్తీకం దాటాక మొదలుపెడితే వాయుగుండాల బెడద తక్కువ.

సైటుమేస్త్రీ:
ఆ కాస్త మేరకైతే మనుషులు దొరుకుతారు, సరే. కప్పు మీది నీరు దిగే తూములు లెక్కపెట్టారా? గంటకి 100 మిల్లీమీటర్ల వాన లెక్కన నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్లకే చాలుతుంది. పాత మేడల్లో తర్వాతెవరో ఒక తూము మూసేసి ఉంటారు. వారన నీరు నిలవడానికి సగం కారణం అదే.

కిటికీరెక్క:
కప్పు గొడవలో కిటికీ మరిచారు. చజ్జా (కిటికీ పైన వానకి అడ్డుండే పలక) అడుగున అంచుకి అంగుళం లోపల అర అంగుళం గాడి ఉందా? సున్నం మీద సున్నం వేసి అది పూడిపోయి ఉంటుంది. అప్పుడు నీరు అడుగునే పాకి చట్రం మీదకొస్తుంది. గీకి తెరవండి, పైసా ఖర్చు లేదు. కిటికీ కింది గట్టు బయటికి వాలాలి. చట్రానికీ గోడకీ మధ్య సందులో జనపనార సున్నంలో ముంచి కూరండి. సిలికాన్ సున్నపు పొడి మీద పట్టదు, రెండో వానకే ఊడుతుంది. అద్దాల చుట్టూ సుద్దపొడి, అవిసెనూనె కలిపిన పుట్టీ పెట్టి, వారం ఆగి రంగు.

మేడపైన:
తూము ఒకటి మూసే ఉంది. ఇటుక ముక్కలు పెట్టి సిమెంటు చేశారు.

సైటుమేస్త్రీ:
ముందు అది తెరవండి. ఒక వాన చూసి, అప్పుడు ఎంత తవ్వాలో గీత గియ్యండి.