అప్‌డేట్: టెంట్‌లో వేడి తగ్గింది
గ్రో టెంట్‌లో (ఇంట్లోనే లైటు కింద మొక్కలు పెంచే గుడారం) లైటు వేసిన గంటకే 35 డిగ్రీలు దాటుతోంది, టమాటా ఆకులు దోనెల్లా పైకి ముడుచుకుంటున్నాయి అని అడిగాను కదా. ఫ్యాను చిన్నదేమో అనుకున్నా. కాదు, తప్పు నాదే. ఎగ్జాస్ట్ ఫ్యాను కింద బిగించి, గాలి వచ్చే రంధ్రం పైన తెరిచాను. వేడిగాలి పైకే కదా చేరేది! తిరగేశాను. ఫ్యాను నుంచి వేడిగాలిని బయటికి తీసుకెళ్లే డక్ట్ పైపు మెలికలు తిరిగి ఉంటే, కత్తిరించి తిన్నగా లాగాను. ఎల్‌ఈడీ డ్రైవర్ని (లైటుకి కరెంటు అందించే డబ్బా) టెంట్ బయట వేలాడదీశాను, చెయ్యి పెడితే చురుక్కుమంటోంది అది. ఇప్పుడు 28 దగ్గర ఆగుతోంది. టెంట్ గోడలు కాస్త లోపలికి పీక్కుపోయి కనిపిస్తున్నాయి, అంటే గాలి బాగానే లాగుతోంది. కాకపోతే ఆ వేడంతా అదే గదిలోకి వదులుతున్నా, మధ్యాహ్నానికి గదే ఉడికిపోతోంది. పైపు కిటికీ దాకా లాగాలి. అప్పటిదాకా లైటు రాత్రిపూటే. కొత్త ఆకులు చదునుగా వస్తున్నాయి, ముడుచుకున్న పాతవి మాత్రం అలాగే ఉన్నాయి.