ఇనుమును వదిలేస్తే ఉంగరం కూడా పోతుందా?

ప్రశ్న (దేవరకొండ): మా చెల్కలో పల్లి పీకేటప్పుడు అమ్మ బంగారు ఉంగరం జారిపోయింది. తెలిసినవారి మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుంటే తీగముక్కలకు, మేకులకు అడుగడుగునా మోగుతోంది. ఇనుమును వదిలేసే సెట్టింగ్ పెడితే ఉంగరాన్ని కూడా వదిలేస్తుందా? యంత్రం లోహాన్ని ఎలా గుర్తుపడుతుందో దయచేసి వివరించగలరు.

జవాబు (నల్లగొండ): యంత్రం అడుగున ఉండే కాయిల్ (తీగచుట్ట) కొన్ని కిలోహెర్ట్జ్‌ల అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపగా, లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, వాటి క్షేత్రం రెండో కాయిల్‌ను చేరుతుంది, పంపినదానికీ అందినదానికీ మధ్య ఫేజ్ తేడాను (రెండు అలల మధ్య ఉండే ఆలస్యాన్ని) కొలిచి యంత్రం అంకె చూపుతుంది. వెండికి, రాగికి ఆ తేడా ఎక్కువ, పలుచని రేకుకు తక్కువ, ఇనుము తన అయస్కాంత గుణం వల్ల వేరే వైపు ఉంటుంది. చిక్కంతా బంగారంతోనే: సన్నని ఉంగరం అంకె మందుగోలీల రేకు అంకెకు దగ్గరగా వస్తుంది. అందువల్ల ఇనుమును మాత్రమే వదిలేసి, రేకు మోతలన్నీ తవ్వి చూడక తప్పదు.

జవాబు (అచ్చంపేట): ఎర్ర నేలలో ఇనుప ఆక్సైడ్లు ఉంటాయి కనుక, లోహం లేని చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ ముందు గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల వల్ల వచ్చే మోతను యంత్రం పట్టించుకోకుండా సరిచేయడం) చేసుకోండి. మేకు పక్కనే ఉంగరం ఉంటే దాని మోత మరుగున పడుతుంది. చిన్న కాయిల్‌తో, రెండు దిక్కుల నుంచి తిప్పి చూడండి. తుప్పు పట్టిన పెద్ద రేకు, ఇనుప వాషరు మంచి లోహంలాగా మోగి మోసగిస్తాయి.

జవాబు (మహబూబ్‌నగర్): వెతుకులాటలో పాత నాణేల వంటివి బయటపడితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.