పొల్లు బొటనవేలి కిందికి తెచ్చుకోవాలని ఉంది – లేజర్ కటింగ్‌తో కీబోర్డు చేసుకున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

రాజోలు_అక్షరం

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే అనువాదాలు, పుస్తకాల డీటీపీ చేసుకుంటాను. రోజుకి ఏడెనిమిది గంటలు ఇన్‌స్క్రిప్ట్‌లో (తెలుగు అక్షరాల కీబోర్డు అమరిక) తెలుగు కొడతాను. ఆర్నెల్లుగా ఎడమచేతి నడిమివేలు ఒకటే సలుపు. నీళ్ల చెంబు ఎత్తినా తెలుస్తోంది.

ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్లకి కారణం చెప్పక్కర్లేదు. పొల్లు (్) ‘డి’ మీద ఉంది. ఏ ఒత్తు రాయాలన్నా అది నొక్కాల్సిందే. ‘స్త్రీ’ అంటే ఎం, డి, ఎల్, డి, జే, ఆర్. ఆరు నొక్కుల్లో రెండు ఆ వేలివే. ‘రాష్ట్రం’లో మూడు, ఎందుకంటే ‘ఈ’ మీదున్న దీర్ఘం కూడా దానిదే. రెండు బొటనవేళ్లేమో ఒక్క స్పేస్‌బార్ పట్టుకుని కూర్చుంటాయి. ఆ స్పేస్‌బార్‌ని ముక్కలు చేసి, ఎడమ బొటనవేలికి పొల్లు ఇచ్చేస్తే? అలాంటి కీబోర్డు బజార్లో నాకు దొరకలేదు. సొంతంగా చేసుకుందామని దిగాను.

అయిదు వరసలు, వరసకి పన్నెండు, మొత్తం 60 కీలు. కీబోర్డ్ లేఅవుట్ ఎడిటర్ అనే సైటులో బొమ్మ గీసి, ప్లేట్ జనరేటర్‌లో (స్విచ్‌లు దిగే రంధ్రాల పలక గీసిచ్చేది) వేస్తే డీఎక్స్ఎఫ్ ఫైలు (లేజర్ షాపుకి ఇచ్చే డ్రాయింగ్) వచ్చింది. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి, నేమ్‌ప్లేట్లూ మెమెంటోలూ చేసే షాపులో 3 మి.మీ. నల్ల అక్రిలిక్ మీద కోయించాను. చూడ్డానికి ఎంత బాగుందో! ఇంటికొచ్చి స్విచ్‌లు (ఒక్కో కీ కింద ఉండేవి) పెడితే సగం వదులు, పాలపళ్లలా కదులుతున్నాయి. ప్లేటు తిరగేస్తే మూడు రాలిపోయాయి. గట్టిగా ఉన్నవాటికి కీక్యాప్ పీకితే స్విచ్ కూడా దాంతోపాటే ఊడి వస్తోంది.

ఎక్కడ తప్పు చేశానో కాస్త చెప్పండి.

తణుకు_నేమ్‌బోర్డులు

మేడమ్, నేను లేజర్ మెషిన్ మీదే పని చేస్తానండి, పదేళ్లయింది. మీ ఫైల్లో రంధ్రం కొలత ఎంత పెట్టారు? 14 మి.మీ. అని రాసి ఉంటే తప్పు అక్కడే.

లేజర్ గీత కూడా మెటీరియల్‌ని తింటుంది. గీసిన గీత నడిమధ్యలో కిరణం వెళ్తుంది కాబట్టి అటు సగం ఇటు సగం తినేస్తుంది. దీన్ని కెర్ఫ్ అంటారు. మా మెషిన్‌లో 3 మి.మీ. అక్రిలిక్ మీద దాదాపు 0.2 పోతుంది. అంటే మీరు 14 గీస్తే రంధ్రం 14.2 వస్తుంది. నేమ్‌బోర్డు అక్షరాల్లో ఆ తేడా ఎవరికీ కనపడదు, అందుకే షాపులో ఎవరూ మిమ్మల్ని అడిగి ఉండరు. మీ స్విచ్‌కి మాత్రం అదే ప్రాణం.

ఈసారి వెళ్లేటప్పుడు రెండు స్విచ్‌లు జేబులో వేసుకెళ్లండి. చెత్తబుట్టలో పడ్డ అదే షీటు ముక్క మీద అయిదు రంధ్రాలు కోయించండి: 13.70, 13.75, 13.80, 13.85, 13.90. పక్కనే నంబర్లు కూడా చెక్కించండి, లేకపోతే ఏది ఏదో తెలీదు. రెండు నిమిషాల పని. ఏ రంధ్రంలో స్విచ్ బొటనవేలితో నొక్కితే బిగుతుగా దిగుతుందో, ఆ కొలతతో మొత్తం ఫైలు మార్చుకోండి. ఒక షాపు కొలత ఇంకో షాపుకి పనికిరాదండి. లెన్సు, ఫోకస్, స్పీడు అన్నీ మారిపోతాయి. రంధ్రం కూడా పైన ఒక సైజు, కింద ఒక సైజు వస్తుంది. రెండు వైపుల నుంచీ పెట్టి చూడండి.

ఇంకోటి. డీఎక్స్ఎఫ్‌ని కోరల్‌డ్రాలో తెరిచేటప్పుడు అంగుళాలా మిల్లీమీటర్లా అని అడుగుతుంది. తొందరలో తప్పు నొక్కితే సైజు మొత్తం మారిపోతుంది. కీకీ మధ్య 19.05 మి.మీ. కాబట్టి మొదటి రంధ్రం మధ్య నుంచి పన్నెండో రంధ్రం మధ్యకి 209.55 రావాలి. స్క్రీన్ మీద అది కొలిచాకే కట్ నొక్కమనండి.

గౌతమి_గట్టు

పై ఆయన కెర్ఫ్ గురించి చెప్పారు. కీక్యాప్‌తో స్విచ్ ఊడి రావడానికి కారణం వేరేనండి, అది మందం. ఎంఎక్స్ తరహా (మెకానికల్ కీబోర్డుల్లో మామూలుగా ఉండే రకం) స్విచ్ పక్కన చిన్న కొక్కెం ఉంటుంది చూడండి. అది 1.5 మి.మీ. ప్లేటు కోసం చేసింది. ప్లేటు అంతే ఉంటే కొక్కెం కిందికి దిగి టక్కుమని పట్టుకుంటుంది. మీ 3 మి.మీ.లో దానికి కింది అంచు అందదు. రాపిడి మీద నిలబడుతోంది తప్ప పట్టు లేదు.

నేను హైదరాబాద్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తూ అమలాపురంలో ఉంటాను. రెండేళ్లలో మూడు ప్లేట్లు చేయించాను. వరసగా చెప్తాను, మీ డబ్బులు మిగులుతాయి.

మొదటిది 1.5 అక్రిలిక్. కొక్కెం బ్రహ్మాండంగా పట్టింది. కానీ రెండు రంధ్రాల మధ్య మిగిలేది 5 మిల్లీమీటర్లే కదా. నలభయ్యో స్విచ్ దగ్గర పుటుక్కుమంది. చీలిక మూలదాకా పోయింది.

రెండోది ఇనుప షీటు. గేట్లకి డిజైన్లు కోసే చోట ఇచ్చాను. అది ప్లాస్మా మెషిన్ అని నాకు అప్పుడు తెలీదు. గేటు మీద నెమలికి అది చాలు గానీ 14 మి.మీ. చదరానికి చాలదు. మూలలు గుండ్రంగా కరిగిపోయాయి. ఒక్క స్విచ్ కూడా దిగలేదు. అక్రిలిక్ కోసే లేజర్ వేరు, లోహం కోసే ఫైబర్ లేజర్ వేరు. అడగాల్సింది ‘ఫైబర్ లేజర్ ఉందా’ అని.

మూడోది రాజమండ్రిలో ఫైబర్ లేజర్ మీద 1.5 స్టెయిన్‌లెస్ స్టీలు. అదే ఇప్పటికీ వాడుతున్నాను. కీ నొక్కితే వచ్చే శబ్దమే వేరు. మామూలు ఇనుము మాత్రం మన గాలికి వద్దండి. అంతర్వేది వైపు ఉన్న మా బంధువు ఒకాయన చేయించుకుంటే, పెయింటు వేసినా ఒక్క వానాకాలంలో రంధ్రాల అంచులన్నీ తుప్పు.

స్టీలు వద్దు, ఖర్చు అనుకుంటే మీ 3 మి.మీ. ప్లేటునే కెర్ఫ్ సరిచేసి కోయించి, వైరింగ్ అయ్యాక ప్రతి స్విచ్‌కీ కింద నుంచి రెండు చుక్కలు హాట్ గ్లూ పెట్టండి. మా తమ్ముడిది అలాగే నడుస్తోంది.

కొబ్బరితోట_04

నేను బీటెక్ మూడో సంవత్సరం. నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నా. అక్రిలిక్ కేసు మొత్తం కోయించాను, అయిదు పొరలు. అంచుల్లో పొగ మసి ఉంటే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచాను. నా కళ్ల ముందే స్క్రూ రంధ్రాల చుట్టూ సాలెగూడులాగా సన్నని పగుళ్లు! మర్నాటికి రెండు మూలలు విరిగాయి. చాలా ఏడుపొచ్చింది, సెమిస్టర్ అంతా దాచుకున్న డబ్బులవి.

తర్వాత తెలుసుకున్నా: లేజర్ వేడికి కోసిన అంచు లోపల బిగువు మిగిలిపోతుంది, ఆల్కహాల్ తగిలితే అక్కడి నుంచే చీలుతుంది. శానిటైజర్ కూడా అంతే. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

అన్నా, ఒక డౌట్. షాపతను సన్‌బోర్డు చవక, దాంతో కింది పొరలు కోసుకో అంటున్నాడు. ఓకేనా?

తణుకు_నేమ్‌బోర్డులు

వద్దు తమ్ముడూ. సన్‌బోర్డు అంటే పీవీసీ ఫోమ్. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. ఊపిరితిత్తులకి హాని, మెషిన్ లోపల ఇనుమంతా తుప్పు. ఆ షీటు మేం కట్టర్‌తోనో రౌటర్‌తోనో కోస్తాం, లేజర్ కింద పెట్టం. ఎవరైనా పెడతానంటే నువ్వే ఆపు. అక్కడ పని చేసే కుర్రాళ్లు రోజంతా ఆ గదిలోనే ఉంటారు.

గౌతమి_గట్టు

ఎండీఎఫ్ (చెక్కపొట్టు నొక్కి చేసిన షీటు) కూడా వద్దు. లేజర్‌కి చక్కగా తెగుతుంది గానీ శ్రావణమాసం ముసురుకి నాది అంచుల్లో ఉబ్బి స్క్రూ పట్టడం మానేసింది. చెక్కే కావాలంటే వడ్రంగి చేత పనస చెక్కతో చట్రం చేయించుకుని, ప్లేటు ఒక్కటే లేజర్‌కి ఇవ్వండి.

రాజోలు_అక్షరం

ఇంత వివరంగా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదండీ. వెర్నియర్ లేదు, మా అబ్బాయి స్కూల్ స్కేలుతో కొలిస్తే 14 అనే కనపడింది. 0.2 అందులో ఎక్కడ కనపడుతుంది! స్టీలు ప్లేటుకే వెళ్తాను. కింద పొరలకి అక్రిలిక్.

పీసీబీ (స్విచ్‌లన్నిటినీ కలిపే రెడీమేడ్ సర్క్యూట్ బోర్డు) కొనలేదు, నా అమరికకి సరిపోయేది లేదు. చేత్తోనే వైరింగ్. సోల్డరింగ్ ఎప్పుడూ పట్టలేదు. టెన్షన్‌గా ఉంది.

మండపేట_రిపేర్లు

టెన్షన్ పడకండమ్మా. నేను టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేస్తాను. మా మేనల్లుడికి ఒకటి వైరింగ్ చేసిచ్చాను. టీవీ బోర్డు కంటే ఇది చాలా సులువు.

60 కీలకి 60 తీగలు కంట్రోలర్ (ఏ కీ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే చిన్న బోర్డు) దాకా లాగక్కర్లేదు. అయిదు అడ్డ వరసలు, పన్నెండు నిలువు వరసలు, కలిపి 17 పిన్నులు. ప్రో మైక్రో అనే కంట్రోలర్‌లో వాడుకోవడానికి 18 ఉంటాయి, సరిపోతుంది. పికో అనేది తీసుకుంటే 26 ఉంటాయి. ప్రో మైక్రో పాత రకంలో యూఎస్‌బీ సాకెట్ లాగితే బోర్డు నుంచి ఊడిపోతుంది, నా దగ్గరికి అలా వచ్చినవి ఉన్నాయి. సాకెట్ చుట్టూ కాస్త గ్లూ పెట్టండి.

ప్రతి స్విచ్‌కీ ఒక డయోడ్, 1ఎన్4148. చాలా చవక. ఇది మానేస్తే ఏమవుతుందంటే, చదరంలో మూడు మూలల కీలు ఒకేసారి నొక్కినప్పుడు నాలుగో మూల కీ కూడా నొక్కినట్టు పడుతుంది. కరెంటు వెనక దారిన తిరిగి వచ్చేస్తుంది. డయోడ్ ఆ వెనక దారి మూసేస్తుంది. నల్ల గీత అన్నిటికీ ఒకే వైపు ఉండాలి, అంతే. ఒక్కటి తిరగబడ్డా ఆ ఒక్క కీ పలకదు.

చేతి పని ఇలా: డయోడ్ ఒక కాలు స్విచ్ పిన్నుకి చుట్టండి. రెండో కాలుని పక్క డయోడ్ దాకా వంచి దానికే అతికించండి. అలా కాళ్లే అడ్డ తీగ అయిపోతాయి, వేరే వైరు అక్కర్లేదు. నిలువు వరసలకి ఇంటర్నెట్ కేబుల్ లోపలి రాగి తీగ తీసుకుని, స్విచ్ తగిలే చోట మాత్రమే తొడుగు ఒలవండి. రెండూ దాటే చోట తొడుగు ఉండాలి. సోల్డరింగ్ ఐరన్‌ని పిన్ను మీద రెండు మూడు సెకన్లకి మించి ఉంచొద్దు, లోపల ప్లాస్టిక్ మెత్తబడి స్విచ్ పోతుంది. ముందు పాడైన రేడియో బోర్డు మీద ఒక సాయంత్రం ప్రాక్టీసు చేయండి.

అందరికీ చెప్పేది ఒకటే: వరస పూర్తయిన ప్రతిసారీ మల్టీమీటర్‌తో చూసుకోండి. అరవై అయ్యాక చూస్తే తప్పు వెతకడానికి రెండు రోజులు పడుతుంది.

రాజోలు_అక్షరం

గురువుగారూ, ఇది ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను.

గౌతమి గారూ, బొటనవేలి కీకి పొల్లు ఎలా చెప్పాలి? యూనికోడ్ నంబరు ఇవ్వాలా?

గౌతమి_గట్టు

అక్కర్లేదండి. యూనికోడ్ పంపాలంటే విండోస్‌కి ఒక పద్ధతి, లినక్స్‌కి ఇంకో పద్ధతి, ఆ గొడవ వద్దు. కీబోర్డుకి తెలుగని తెలీదు, ఇంగ్లీషని తెలీదు. ‘డి స్థానంలో ఉన్న కీ నొక్కారు’ అని కోడ్ పంపుతుందంతే, దాన్ని పొల్లు చేసేది కంప్యూటర్లోని ఇన్‌స్క్రిప్ట్. కాబట్టి క్యూఎమ్‌కే అనే ఫర్మ్‌వేర్‌లో (కంట్రోలర్ లోపల నడిచే ప్రోగ్రాం) ఎడమ బొటనవేలి కీకి కూడా ‘డి’ అనే రాయండి. పాత ‘డి’ని తీసేయొద్దు. 1991లో బీఐఎస్ ప్రమాణంగా ఇచ్చిన అమరిక ఎక్కడికీ పోదు, ఇంకొకరి సిస్టమ్ మీద కూర్చున్నా మీ వేళ్లు తడబడవు.

ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషుకి మారినప్పుడు బొటనవేలు తగిలితే ‘డి’ పడుతుంది. నేను ఒక కీకి మాక్రో పెట్టాను: అది విండోస్–స్పేస్ పంపి భాష మారుస్తుంది, అదే సమయంలో కీబోర్డులో లేయర్ (ఏ కీ ఏం పంపాలనే పట్టిక) కూడా మారుస్తుంది. ఇంగ్లీషు లేయర్లో ఆ బొటనవేలి కీ బ్యాక్‌స్పేస్. మౌసుతో భాష మార్చారంటే మాత్రం రెండూ జతతప్పుతాయి, కాబట్టి ఎప్పుడూ ఆ కీతోనే మార్చండి.

వయల్ అనే ఫర్మ్‌వేర్ వేసుకుంటే కీలు స్క్రీన్ మీదే అటూ ఇటూ మార్చుకోవచ్చు, ప్రతిసారీ కంపైల్ చేయక్కర్లేదు. మీ చేయి ఏది కోరుతుందో వారం పది రోజులు కొట్టాకే తెలుస్తుంది.

రాజోలు_అక్షరం

నెలన్నర తర్వాత రాస్తున్నాను. మధ్యలో గోదావరి వరద, మా లంక వైపు రాకపోకలు ఆగిపోయి ప్లేటు వారం ఆలస్యం.

స్టీలు వాళ్ల దగ్గర కూడా టెస్టు ముక్క కోయించాను. అక్కడ 13.90 సరిపోయింది, అక్రిలిక్ లెక్క పనికిరాలేదు. తణుకు గారు చెప్పింది అక్షరాలా నిజం. మొదటి స్విచ్ టక్కుమని పట్టినప్పుడు షాపులో అందరూ నావైపు చూశారు, అంత గట్టిగా ‘వచ్చేసింది!’ అన్నాను. కింద 3 మి.మీ. పొరలు మూడు పెట్టాను, వైర్లకి సరిపోయింది.

వైరింగ్ నాలుగు సాయంత్రాలు. మూడో వరసలో ఒక డయోడ్ తిరగబడింది, ‘చ’ పడలేదు. వరసవరసకీ చూసుకోబట్టి పది నిమిషాల్లో దొరికింది.

స్పేస్‌బార్ బదులు నాలుగు చిన్న కీలు. ఎడమ రెండూ పొల్లు, షిఫ్ట్. కుడి రెండూ స్పేస్, ఎంటర్. పెద్ద కీ లేదు కాబట్టి స్టెబిలైజర్ (పెద్ద కీ ఒకవైపు ఒరగకుండా పట్టేది) గొడవ కూడా లేదు. మొదటి నాలుగు రోజులు పొల్లుకీ స్పేసుకీ తికమకపడి పేజీ అంతా తప్పులు. అయిదో రోజు ‘శాస్త్రజ్ఞులు’ అని కొట్టాను, నడిమివేలు ‘డి’ వైపు వెళ్లలేదు. మొన్న 300 పేజీల పుస్తకం పూర్తిచేసి ఇచ్చాను. నొప్పి మొత్తం పోలేదు, చెంబు మాత్రం ఎత్తగలుగుతున్నాను.

డీఎక్స్ఎఫ్ ఫైలు, వయల్ ఫైలు రెండూ పెడుతున్నాను, ఎవరైనా తీసుకోండి. రంధ్రం కొలత మాత్రం మీ షాపుని బట్టి మార్చుకోండి.

తణుకు_నేమ్‌బోర్డులు

చాలా సంతోషం మేడమ్. మీ చర్చ చూశాక నేనూ ఒక టెస్టు ముక్క కోసి, కొలతలు చెక్కి, మెషిన్ పక్కన మేకుకి తగిలించాను. నిన్న భీమవరం నుంచి ఒకబ్బాయి వచ్చాడు. జేబులోంచి స్విచ్ తీసి అయిదింట్లోనూ పెట్టి చూసుకుని, 13.80 అన్నాడు.